రంగునీటి శుద్ధికి సౌర రియాక్టర్: సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు, మన వీధుల్లోని అద్దకం దుకాణాల నుంచి వచ్చే రంగునీటిని ఎండ సాయంతో శుద్ధి చేసే చిన్న రియాక్టర్‌ను కార్యవర్గం ఈ సంవత్సరం నిర్మించి, నడిచే స్థితికి తెచ్చింది. ఇతర కార్యక్రమాల వివరాలూ, ఆడిట్ పూర్తయిన జమాఖర్చులూ అనుబంధంలో ఉన్నందున ఈ నివేదికను పూర్తిగా ఈ పనికే కేటాయించాం.

విజయవాడ వన్‌టౌన్ బట్టల వ్యాపారాన్ని ఆనుకుని చీరలకు, లైనింగ్ బట్టలకు, చున్నీలకు మ్యాచింగ్ రంగులు వేసి బతికే కుటుంబాలు మన సంఘం పరిధిలో అనేకం ఉన్నాయి. ఒక గ్యాస్ పొయ్యి, రెండు మూడు గంగాళాలతో నడిచే ఈ దుకాణాల వారు ఎవరికి వారు శుద్ధి ప్లాంటు పెట్టుకోవడం అయ్యే పని కాదు. మిగిలిన రంగునీరు సైడు కాలువలో కలిసి, చివరకు నగరం మధ్యగా పారే పెద్ద కాలువల్లోకి చేరుతోంది. ఏలూరు, రైవస్, బందరు కాలువల నీటితోనే దిగువ డెల్టా ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుకుంటారన్న సంగతి మనం మరవకూడదు. అద్దకపు రంగుల్లో అధిక భాగం అజో (రెండు నైట్రోజన్ పరమాణువుల జంట బంధం గల) తరగతికి చెందినవి. మామూలు మురుగు శుద్ధిలో సూక్ష్మజీవులు వీటిని సులువుగా విరగ్గొట్టలేవు. పైగా గాలి ఆడని బురదలో ఇవి విరిగినప్పుడు కొన్నిటి నుంచి ఆరోమాటిక్ ఎమీన్లు పుడతాయి. వాటిలో క్యాన్సర్ కారకాలు కూడా ఉన్నాయి.

రియాక్టర్‌లో అసలు పని చేసేది టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి. పెయింట్లలో తెలుపు కోసం ఎక్కువగా వాడేది దాని రూటైల్ రూపం కాగా, మనకు కావలసింది అనటేజ్ రూపం. సుమారు 387 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల, అంటే అతినీలలోహిత, కాంతి దానిమీద పడినప్పుడు లోపలి ఎలక్ట్రాన్ పై స్థాయికి లేచి, దాని చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ వల్ల నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ అనే చాలా చురుకైన కణం పుట్టి, తనకు ఎదురైన సేంద్రియ అణువును ఆక్సీకరిస్తుంది. ఈ చర్య చివరిదాకా సాగితే ఆ అణువు కార్బన్ డయాక్సైడ్, నీరు, కొద్దిపాటి లవణాలుగా మారిపోతుంది. పైకి లేచిన ఎలక్ట్రాన్‌ను నీటిలో కరిగిన ఆక్సిజన్ అందుకోకపోతే అది తిరిగి ఖాళీలోనే పడి, వచ్చిన కాంతి వృథా అవుతుంది. అందుకే తొట్టిలో గాలి పంపు తప్పనిసరి. జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ఈ పదార్థంపై కాంతితో నీటిని విడగొట్టడాన్ని 1972లో ప్రకటించారు. 1977లో అమెరికాలో ఫ్రాంక్, బార్డ్ దీనితోనే నీటిలోని సయనైడ్‌ను విచ్ఛిన్నం చేశారు. తరువాత స్పెయిన్‌లోని అల్మెరియా సౌర పరిశోధన కేంద్రంలో పెద్ద రియాక్టర్లు నడిపారు. మన రియాక్టర్ అక్కడి పద్ధతికి చిన్న రూపం.

నేల మీదికి వచ్చే ఎండలో అతినీలలోహిత భాగం సుమారు 5 శాతమే కనుక, ఆ కొద్దిపాటి కాంతిని పోగొట్టుకోకుండా చూడడం మీదే నిర్మాణంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాం. సంఘ భవనం డాబా మీద, మన అక్షాంశానికి తగినట్టు దక్షిణానికి సుమారు 16 డిగ్రీల వాలుతో ఇనుప ఫ్రేము నిలిపి, దానిపై బోరోసిలికేట్ గాజు గొట్టాలను వరుసగా బిగించాం. మామూలు గాజు అతినీలలోహిత కాంతిలో కొంత భాగాన్ని ఆపేస్తుంది. పారదర్శక ప్లాస్టిక్ గొట్టాలు ఎండకు పసుపెక్కుతాయి. గొట్టాల వెనుక, పక్కకు జారిపోయే కాంతిని తిరిగి లోపలికి మళ్లించేలా వంచిన మెరుగుపెట్టిన అల్యూమినియం రేకులున్నాయి. పొడి కలిపిన నీటిని చిన్న మోటారు ఈ గొట్టాల గుండా తొట్టికీ, తొట్టి నుంచి మళ్లీ గొట్టాలకూ తిప్పుతుంది. పొడిని తూచేటప్పుడు మాస్కు ధరించాలన్న నియమాన్ని కచ్చితంగా అమలు చేస్తున్నాం. ఆ ధూళిని పీల్చడం క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ వర్గీకరించింది.

ఏ నీటిని రియాక్టర్‌లోకి పంపాలన్నది తేల్చినవారు దుకాణదారులే. గంగాళం నీరు సిరాలాగా చిక్కగా ఉంటుంది. కాంతి దాని లోపలికి దిగనే దిగదు. చాలాకాలంగా అద్దకం చేస్తున్న ఒక పెద్దాయన మూడు స్టీలు గ్లాసుల్లో నీళ్లు పట్టి చూపించి, “ఇది గంగాళం నీళ్లు, ఇది మొదటి కడుగు, ఇది మూడో కడుగు. అన్నీ ఒకే కాలవలో కలిపేసి ఆనక శుభ్రం చేద్దామంటే ఎట్టా బాబూ?” అని అడిగారు. ఆ మాటతోనే దుకాణాల్లో నీళ్లను వేరువేరు డ్రమ్ముల్లో పట్టడం మొదలైంది. గంగాళం నీటిని ముదురు రంగుల అద్దకానికి వీలైనంత వరకు తిరిగి వాడుతున్నారు. కడుగు నీళ్లు మాత్రమే డాబా మీదికి వస్తున్నాయి. ఈ ఏడాది జరిగిన వాటన్నిటిలో మేలైన మార్పు ఇదేనని కార్యవర్గం భావిస్తోంది.

పరీక్షల గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. మొదట మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపిన నీటిని మూడు సీసాల్లో పోశాం. ఒకదానిలో పొడి వేసి ఎండలో ఉంచాం, రెండోదానిలో పొడి వేసి నల్లగుడ్డ చుట్టాం, మూడోదాన్ని పొడి లేకుండా ఎండలో పెట్టాం. పొడి, ఎండ రెండూ ఉన్న సీసాలో రంగు పూర్తిగా పోయింది; నల్లగుడ్డ చుట్టిన సీసాలో కొంత రంగు పొడికి అంటుకుని తగ్గిందే తప్ప విరగలేదు. అయితే మూత బిగించి ఎండలో ఉంచిన మరో సీసాలో రంగు పోయినట్టే కనిపించి, మూత తీసి కుదపగానే నీలం తిరిగి వచ్చింది. గాలి అందని చోట ఆ రంగు విరిగిపోకుండా రంగులేని మరో రూపంలోకి మారి, ఆక్సిజన్ తగలగానే వెనక్కి వస్తుంది. కాబట్టి రంగు పోయినంత మాత్రాన నీరు శుద్ధి అయినట్టు సంఘం లెక్కలో రాయకూడదని కార్యవర్గం నిర్ణయించింది. నీటిలోని సేంద్రియ భారాన్ని తెలిపే సీఓడీని ప్రయోగశాలలో కొలిపించాం. కడుగు నీటిలో రంగు త్వరగా పోయినా, సీఓడీ అంతకంటే చాలా నిదానంగా తగ్గింది. భూతలంపై ఉండే జలవనరుల్లోకి వదిలే వ్యర్థజలానికి మన దేశంలో సాధారణ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాముల సీఓడీ, 30 మిల్లీగ్రాముల బీఓడీ (సూక్ష్మజీవులు విరగ్గొట్టగల సేంద్రియ భారం కొలత). ఆ అంకెలే మనకు ప్రమాణం.

ఈ పద్ధతి చేయలేనిది కూడా సభ్యులకు స్పష్టంగా తెలియాలి. రియాక్టివ్ రంగులకు (నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోయేవి) దండిగా వాడే ఉప్పు ఎండకు పోదు, అది నీటిలోనే ఉంటుంది. అద్దకంలో వేసే సోడా వల్ల నీటిలో చేరిన కార్బొనేట్లు రాడికళ్లను లాగేసుకుంటాయి కనుక, ముందుగా కొద్దిగా ఆమ్లం కలిపి వాటిని తగ్గిస్తున్నాం. రోజు చివర పీహెచ్‌ను 6.5 దగ్గరికి తెచ్చి వదిలేస్తే పొడి రేణువులు ఒకదానికొకటి అంటుకుని అడుగుకు దిగుతాయి. తెల్లారేసరికి పైన తేట, కింద తెల్లటి మడ్డి కనిపిస్తాయి. ఆ మడ్డినే మర్నాడు తిరిగి వాడుతున్నాం. ముసురు పట్టిన రోజుల్లో పని దాదాపు ఆగిపోతుంది.

వచ్చే సంవత్సరానికి కార్యవర్గం ప్రతిపాదనలు ఇవి. వర్షాకాలంలో కడుగు నీటిని నిల్వ చేసేందుకు మూతగల ట్యాంకు కావాలి. నెలనెలా సీఓడీ పరీక్షకు నిధి కేటాయించాలి. 1974 నాటి జల చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందేవరకు శుద్ధి చేసిన నీటిని సైడు కాలువలోకి వదలకుండా, ఇప్పటిలాగే దుకాణాల్లో మొదటి కడుగుకు వాడించాలి. ఉప్పు పేరుకుపోవడం వల్ల అలా ఎన్నిసార్లు వాడవచ్చో కూడా పరీక్షించాలి. తిరిగి వాడలేని గంగాళం నీటిని ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపే ఖర్చును సంఘం, దుకాణదారులు ఎలా పంచుకోవాలో చర్చించేందుకు, అద్దకం దుకాణాల ప్రతినిధులు ఇద్దరిని కార్యవర్గంలో ప్రత్యేక ఆహ్వానితులుగా చేర్చుకునే తీర్మానాన్ని సభ్యుల ఆమోదానికి ఉంచుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి,
విజయవాడ