సూక్ష్మదర్శిని పాఠం చెప్పేవారికీ శిక్షణ కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. భారీ వ్యయంతో కొత్త సూక్ష్మదర్శినిని కొన్న పరిశోధన సంస్థ ఆ విషయాన్ని సగర్వంగా ప్రకటిస్తుంది. దానిని వాడే పద్ధతిని విద్యార్థులకు ఎవరు నేర్పుతారో, ఆ నేర్పేవారికి ఏ శిక్షణ ఉందో మాత్రం ఎవరూ అడగరు. ప్రజాధనంతో సాగే జీవశాస్త్ర, వైద్య పరిశోధనల్లో సాక్ష్యాలుగా ప్రచురితమవుతున్న చిత్రాల విశ్వసనీయత ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది కనుక, దీనిని మీ పాఠకుల దృష్టికి తేదలచాను.

చాలా సంస్థల్లో కాంతి సూక్ష్మదర్శినులన్నీ ఒక ఉమ్మడి కేంద్రంలో ఉంటాయి. వాటిని కనిపెట్టుకుని ఉండే ఇమేజింగ్ శాస్త్రవేత్తలు కటకాలను శుభ్రపరచడం, లేజర్లను సరిచూడడం, ఎవరి ప్రయోగానికి ఏ పరికరం తగునో సలహా ఇవ్వడంతో పాటు ఏటా వచ్చే కొత్త విద్యార్థులకు పాఠాలూ చెబుతారు. ఈ వృత్తిలోనే ఉన్నదాన్ని కనుక అనుభవంతో చెబుతున్నాను: మాలో అత్యధికులకు దృశాశాస్త్రం తెలుసు, పరికరం ఆనుపానులు తెలుసు, కానీ పాఠం ఎలా చెప్పాలో నేర్పినవారు ఎవరూ లేరు.

ఆ లోటు ఎక్కడ బయటపడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. కణాల్లోని ప్రోటీన్లకు వెలిగే రంగులు అద్ది ఫ్లోరెసెన్స్ చిత్రం తీస్తున్న పరిశోధక విద్యార్థిని, తెర మీద బొమ్మ మసకగా ఉందని లేజర్ శక్తిని పెంచుతుంది, అదీ చాలదనిపించి కాంతి సంకేతాన్ని పెద్దది చేసే డిటెక్టర్ గెయిన్‌ను పెంచుతుంది. బొమ్మ కళ్లకు ఇంపుగా తయారవుతుంది. అయితే 8 బిట్ల చిత్రంలో పిక్సెల్ (చిత్రంలోని ఒక్కో చుక్క) వెలుగు విలువ 255కు మించి నమోదు కాదు కనుక, ఒక కణంలో ప్రోటీన్ పక్కదానికి రెట్టింపు ఉన్నా, ఆ హద్దు దాటిన పిక్సెళ్లన్నీ 255గానే నమోదై, వాటి మధ్య తేడా చెరిగిపోతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దానిని తిరిగి తేలేదు. పక్కనున్న నిపుణుడు చొరవగా గెయిన్ తగ్గించేస్తే ఆ రోజుకు చిత్రం బాగుపడుతుంది, విద్యార్థిని మాత్రం మరుసటి వారం మళ్లీ అదే చేస్తుంది. బోధన తెలిసినవారు చేయి పెట్టరు. ఏ వెలుగు విలువలో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే హిస్టోగ్రామ్ తెరిపించి, కుడి అంచున నిటారుగా లేచిన ఆ గీత ఏమిటని అడుగుతారు. వేర్వేరు గాఢతలున్న రెండు ఫ్లోరెసెంట్ ద్రావణాలను అదే అమరికతో కొలిపించి, రెండింటికీ ఒకే అంకె ఎందుకు వచ్చిందో ఆమె తన నోటితో చెప్పేదాకా ఓపిక పడతారు.

ఈ ఓపిక స్వభావంతో మాత్రమే వచ్చేది కాదు, అభ్యాసంతో అలవడుతుంది. విషయం బాగా తెలిసినవారికి, అది తెలియని స్థితి ఎలా ఉంటుందో గుర్తుండదు. అందుకే మా కోర్సుల్లో చాలావరకు సూక్ష్మదర్శినిలో ఎంత సన్నని వివరం కనిపిస్తుందో చెప్పే, 1873లో జర్మన్ శాస్త్రవేత్త అబ్బే ప్రతిపాదించిన సూత్రంతో మొదలై, స్లైడ్ల మీద స్లైడ్లుగా సాగి, విద్యార్థి చేయి పరికరం మీద పడేసరికి మధ్యాహ్నం దాటుతుంది. దానికి బదులు, 1893లో జర్మన్ శాస్త్రవేత్త కోలర్ వివరించిన, నమూనా మీద వెలుగు సమానంగా పడేలా చేసే కాంతి అమరికను ముందుగా వారి చేతనే చేయించవచ్చు. వెలుగు పడే వైశాల్యాన్ని నియంత్రించే ఫీల్డ్ డయాఫ్రమ్‌ను మూసి, దాని అంచులు స్పష్టంగా కనిపించేదాకా కాంతిని నమూనా మీద కేంద్రీకరించే కండెన్సర్‌ను పైకీ కిందికీ జరిపి, మధ్యకు తెచ్చి, తిరిగి తెరవడం నేర్చుకున్నాక, నమూనా మీదికి వచ్చే కాంతి కోణాన్ని నియంత్రించే అపెర్చర్ డయాఫ్రమ్‌ను బాగా మూస్తే ఏమవుతుందో ముందే ఊహించి చెప్పమనాలి. బొమ్మలో కాంట్రాస్ట్ పెరుగుతుంది కానీ, డయాటమ్ అనే సూక్ష్మ శైవలం గుల్ల మీది సన్నని చుక్కల వరుసలు మాయమవుతాయి. అది కళ్లారా చూశాక అబ్బే సూత్రం చెబితే, న్యూమరికల్ అపెర్చర్ (కటకం ఎంత వెడల్పు కోణంలో కాంతిని సేకరించగలదో తెలిపే అంకె) అన్న మాటకు విద్యార్థి మనసులో అర్థం ఏర్పడుతుంది.

పరికరం అమ్మిన కంపెనీ ప్రతినిధి వచ్చి చూపిస్తారు కదా అని కొందరు అంటారు. వారు ఏ బటన్ ఏం చేస్తుందో చక్కగా చూపిస్తారు, అది అవసరం కూడా. కానీ నమూనాను కప్పే గాజు పలక (కవర్‌స్లిప్) మందం, చాలా కటకాలకు నిర్దేశించిన 0.17 మిల్లీమీటర్లకు సరిపోకపోతే బొమ్మ ఎందుకు చెడుతుందో, ఒక రంగు వెలుగు మరో రంగుకు కేటాయించిన ఛానల్‌లోకి జారిందేమో పోల్చి చూసేందుకు వాడే ఏ కంట్రోల్ నమూనాతో తేల్చుకోవాలో చెప్పే బాధ్యత మామీదే ఉంటుంది. పద్ధతులు పెరిగే కొద్దీ ఆ బాధ్యత బరువెక్కుతోంది. అబ్బే సూత్రం చెప్పిన హద్దు కన్నా సన్నని వివరాలను చూపి 2014లో నోబెల్ అందుకున్న సూపర్ రిజల్యూషన్ పద్ధతులు ఇప్పుడు మామూలు పరిశోధనశాలల్లోకీ వచ్చేశాయి. సూక్ష్మదర్శినుల నాణ్యతకు, చిత్రాల వివరాల నమోదుకు ప్రమాణాలు రూపొందించేందుకు 2020లో క్వారెప్-లిమి అనే అంతర్జాతీయ బృందం ఏర్పడింది. ఆ ప్రమాణాలను పరిశోధకుల అలవాటుగా మార్చవలసింది తరగతి గదిలోనే.

అమెరికాలోని వుడ్స్ హోల్‌లో, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఏళ్ల తరబడి జరుగుతున్న సూక్ష్మదర్శిని కోర్సులకు ఎంతో పేరుంది. వాటిలో విద్యార్థిగా చేరితే సూక్ష్మదర్శిని విద్య అబ్బుతుంది. కానీ మేము కోరుతున్నది దాని తర్వాతి మెట్టు. ప్రయోగ పాఠానికి లక్ష్యం ఏర్పరచుకోవడం, దానికి తగిన నమూనాలు సిద్ధం చేసుకోవడం, అనుభవజ్ఞుల తరగతిలో సహాయకులుగా పనిచేయడం, తోటివారి ముందు పాఠం చెప్పి వారి విమర్శ వినడం, విద్యార్థి నిజంగా నేర్చుకున్నాడో లేదో పరీక్షించడం అందులో ఉండాలి. దీనికి ఉద్యోగ సమయంలోనే వెసులుబాటు ఇవ్వాలి. పదోన్నతి వేళ ప్రచురణలతో పాటు బోధననూ లెక్కలోకి తీసుకోవాలి. సెలవు పెట్టుకుని, సొంత ఖర్చుతో నేర్చుకోండంటే అది జరిగే పని కాదు.

పరికరాలకు నిధులిచ్చే సంస్థలు ఇందులో చొరవ తీసుకోవాలని నా విన్నపం. సూక్ష్మదర్శిని కొనుగోలుకు వచ్చే ప్రతి దరఖాస్తులో, దానిని వాడడం ఎవరు నేర్పుతారో, వారికి బోధనలో ఏ శిక్షణ ఉందో, లేకపోతే ఎప్పటిలోగా ఇప్పిస్తారో రాయమని అడగాలి. ఆ శిక్షణకయ్యే ఖర్చును పరికరం మంజూరు మొత్తంలోనే చేర్చాలి.

ఇట్లు,
ఒక ఇమేజింగ్ శాస్త్రవేత్త