అనంతగిరి ఘాట్ టైమ్ ట్రయల్: మా క్లబ్ మిత్రులకు కృతజ్ఞతలు

గత ఆదివారం మా సైక్లింగ్ క్లబ్ సభ్యులం బొడ్డవర నుంచి అనంతగిరి దాకా ఘాట్ రోడ్డు మీద పెట్టుకున్న, గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌ను నేను పూర్తి చేయగలిగానంటే, అందులో నా కాళ్ల కష్టం కొంతే. మిగతా కష్టం పడినవారు తమ పేర్లు రాస్తే ఊరుకోమన్నారు కనుక, చేసిన పనిని బట్టి ఒక్కొక్కరికీ ధన్యవాదాలు చెప్పుకుంటున్నాను.

విశాఖ నుంచి అరకు వెళ్లే వారందరికీ తెలిసిన దారే అది. కాశీపట్నం దాటాక కొండ మొదలై టైడా, డముకు మీదుగా మలుపు మీద మలుపుగా పైకి సాగుతుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా ఈ కొండలనే ఎక్కుతుంది గానీ, దానికి సొరంగాలున్నాయి, మాకు లేవు. శీతాకాలపు ఆదివారాల్లో పొద్దెక్కితే పర్యాటకుల కార్లు బారులు తీరుతాయి కాబట్టి, చివరి సైకిలు కూడా ఆ రద్దీకి ముందే పైకి చేరేలా తెల్లవారుజామునే మొదలుపెట్టాలని పట్టుబట్టిన మా కార్యదర్శి గారికి మొదటి నమస్కారం. చలిలో అంత పొద్దున్నే లేపినందుకు ఆ రోజు ఆయనను తిట్టుకోని వారు లేరు. పైకి చేరాక మెచ్చుకోని వారూ లేరు.

మా వాలంటీర్ల కోసం మామూలు కంటే ముందే పొయ్యి వెలిగించిన టీ దుకాణం అమ్మగారు, మేము నిమిషానికొకరం చొప్పున బయలుదేరడం చూసి, "ఒకరెనకాల ఒకరు ఎల్తన్నారు, ఇదేటి పోటీ బాబూ?" అని అడిగారు. ఎవరి గడియారంతో వారికే పోటీ అని, ముందువాడి వెనక చేరి గాలి తప్పించుకోవడం నిషేధమని మావాళ్లు వివరించారు. ఆవిడకు నచ్చినట్టు లేదు. అయినా డబ్బు తీసుకోకుండా అందరికీ రెండో విడత టీ పోసిన ఆ తల్లికి మేమంతా రుణపడి ఉన్నాం.

రైల్వేలో పనిచేసి రిటైరైన మా పెద్దాయన, నా హ్యాండిల్ మీద తెల్ల టేపు అతికించి, పెన్నుతో "టైడా దాకా మాట్లాడగలగాలి" అని రాశారు. అంటే అక్కడి వరకు ఊపిరి మాట్లాడగలిగేంత నిలకడగా ఉండాలి, మొదటి ఎక్కుడులోనే బలమంతా ఖర్చు పెట్టుకోకూడదు అని అర్థం. నా కంటే ముందు దూసుకుపోయిన ఇద్దరు కుర్రాళ్లను డముకు దగ్గర దాటినప్పుడు ఆ అక్షరాల విలువ తెలిసింది. (వాళ్లకూ ఆయన అదే చెప్పారట, టేపు మాత్రం అతికించలేదు.)

నీళ్ల సంగతి చూసుకున్న దంపతులకు ప్రత్యేక కృతజ్ఞతలు. సైకిలుతో కలిపి 80 కిలోలు తూగే మనిషికి ముప్పావు లీటరు నీళ్లంటే దాదాపు ఒక శాతం అదనపు బరువు, నిటారు ఎక్కుడులో సమయం కూడా ఇంచుమించు అదే లెక్కన పెరుగుతుంది. అంటే 40 నిమిషాల ఎక్కుడులో 20 సెకన్ల పైమాట. వాళ్లు దారిలో నిలబడి, నాతో పాటు నాలుగు అడుగులు పరుగెత్తి సీసా చేతికందించడం వల్లనే నేను కింద నుంచి సగం సీసాతో బయలుదేరగలిగాను. ఊట నీరు రోడ్డుకు అడ్డంగా పారి ఇసుక మేట వేసిన ఒక మలుపును చీపుళ్లతో ఊడ్చి, అక్కడే ఎర్ర జెండాతో నిలబడిన తమ్ముళ్లకూ దండాలు. సీటు మీద నుంచి లేచి తొక్కేటప్పుడు వెనక చక్రం మీద బరువు తగ్గుతుంది, ఇసుక తగిలితే అది ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఆ మలుపులో నాకు ఆ బాధ తప్పింది.

ఇక అన్నిటికంటే పెద్ద సాయం. ముందు రోజు సాయంత్రం గేర్లు సరిచూస్తుంటే, గేర్ల మధ్య గొలుసును జరిపే వెనక డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్, పుటుక్కున విరిగింది. దెబ్బ తగిలినప్పుడు ఫ్రేము బదులు తాను వంగడానికో విరగడానికో పెట్టిన ముక్కే అది. ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం కాబట్టి ఊళ్లో దొరికే ప్రశ్నే లేదు. నా మోడల్ సైకిలే ఉన్న మిత్రుడొకరు, జ్వరం నుంచి అప్పుడే తేరుకుని తొక్కాలా మానాలా అని ఊగిసలాడుతున్న వాడు, ఒక్క మాట మాట్లాడకుండా తన సైకిలు బోర్లించి స్క్రూలు విప్పి ఆ ముక్క నా చేతిలో పెట్టాడు. మర్నాడు ప్రారంభ రేఖ దగ్గర నా సీటు పట్టుకుని నిలబెట్టి, అయిదు నుంచి వెనక్కి లెక్కపెట్టినదీ అతనే. 2020 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో స్లోవేనియా రైడర్ పొగాచర్ కొండ టైమ్ ట్రయల్ మధ్యలో సైకిలు మార్చి, 57 సెకన్ల వెనుకబాటును తుడిచేసి, మొత్తం రేసులో ముందున్నవాడికి దక్కే పసుపు జెర్సీ గెలుచుకున్నాడని మా క్లబ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకు రెండో సైకిలు జట్టు ఇచ్చింది. నాకు మొదటి సైకిలే ఒక మిత్రుడి పుణ్యం.

పైన మా చలి కోట్లు మోసుకొచ్చిన వ్యాను అన్నయ్యకు, కాగితం మీద సమయాలు రాసి మళ్లీ ఫోనులో సరిచూసిన చెల్లెమ్మలకు కూడా ధన్యవాదాలు. కొత్త హ్యాంగర్లు రెండు తెప్పిస్తున్నాను. ఒకటి ఆ మిత్రుడి సైకిలుకు నేనే బిగించి ఇస్తాను, రెండోది క్లబ్ పనిముట్ల పెట్టెలో ఉంటుంది. అదే మోడల్ వాడేవారు అవసరమైతే అడగకుండానే తీసుకోవచ్చు.