వేదిక దించండి, శాలువాలు తర్వాత

ఎడిటర్ గారికి,

డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం, తర్వాత సంక్రాంతి, ఆపైన శ్రీరామనవమి పందిళ్లు. దివ్యాంగ కళాకారుల పద్యనాటకానికి గోదావరి జిల్లాల కమిటీలు కబురు పెట్టే కాలం ఇది. పిలుస్తున్నందుకు సంతోషమే. పిలిచాక వేదిక దగ్గర ఏం చేస్తే నాటకం నడుస్తుందో, ఏం చేస్తే చెడుతుందో తెలియాలని ఈ ఉత్తరం.

ర్యాంపుకు లెక్క, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అంటే మూడడుగుల వేదికకు 36 అడుగులు కావాలి. కమిటీవాళ్లు ఎనిమిదడుగుల చెక్క వాల్చి, పక్కన ఇద్దరు కుర్రాళ్లను నిలబెడతారు. చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడేది సరిగ్గా అక్కడే. 36 అడుగులకు చోటు లేదంటారు, నిజమే. అలాంటప్పుడు వేదికనే అడుగున్నరకు దించండి, 18 అడుగులతో పోతుంది. ముందు వరసలవాళ్లు పట్టాల మీద కూర్చుంటే వెనకవాళ్లకూ కనిపిస్తుంది. బల్లలు చేర్చి కట్టిన వేదికైతే కుర్చీ ముందు చక్రాలు, ఊతకర్రల మొనలు సందుల్లో దిగబడతాయి. పైన ప్లైవుడ్ పరిచి, జంపఖానా బిగలాగి మేకులు కొట్టాలి. కోతలైన చేలో పందిరి వేస్తే దారి పొడుగునా కూడా ప్లైవుడ్ పరవక తప్పదు. మంచుకు తడిసిన చెక్క మీద ఊతకర్ర జారుతుంది. అరిగిన రబ్బరు బుష్షులు మార్చుకోవడం మాత్రం కళాకారుల పనే.

చూపులేని నటుల కోసం జంపఖానా కింద పెన్సిలు మందం కొబ్బరి తాడు వేయాలి. వింగ్ (వేదిక పక్క తెరల చాటు) నుంచి నడిమధ్యకు ఒకటి, వేదిక అంచుకు రెండడుగుల ఇవతల అడ్డంగా ఇంకొకటి. పాదానికి తెలుస్తుంది. అంతకంటే లావు తాడు చక్రాలకు అడ్డు. కుర్చీల రాకపోకలు తాడు లేని అవతలి వింగ్ నుంచి పెట్టుకోవాలి. హార్మోనియం రిహార్సల్లో ఎక్కడుందో నాటకంలోనూ అక్కడే ఉండాలి, ఎందుకంటే చూపులేనివాళ్లకు దిక్కు తెలిపేది ఆ శబ్దమే. మైకుసెట్టువాళ్లు వెనక కూడా బాక్సులు పెట్టి నాలుగు వైపుల నుంచీ అదే శబ్దం వదిలితే, నటుడు ప్రేక్షకులకు వీపు పెట్టి పద్యం ఎత్తుకుంటాడు.

అన్నిటికంటే కష్టమైన పని వేరే ఉంది. వినికిడి లేని నటుడు కృష్ణుడిగా అభినయిస్తుంటే, చూపులేని గాయకుడు పక్కన కూర్చుని పద్యం పాడతాడు. ఒకరికి వినపడదు, ఇంకొకరికి కనపడదు. ఇద్దరినీ కలిపేది హార్మోనిస్టే. పద్యం నాలుగు పాదాలూ లెక్కకు అందుతాయి గానీ, చివర తీసే రాగం గాయకుడి ఊపును బట్టి సాగుతుంది. రాగాన్ని రిహార్సల్లోనే మూడు ఊపిర్లకు కట్టేయాలి. హార్మోనిస్టు తల ఊపగానే నటుడు ఎత్తిన చెయ్యి దించాలి. ఫోకస్ లైటు నటుడి కళ్లలో కొడితే ఆ తల కనిపించదు. లైటు పక్కకు తిప్పి, హార్మోనిస్టు మీద చిన్న బల్బు పెట్టండి.

ఇక మనవాళ్ల వన్స్‌మోర్. పాడేవాడికి అదే ప్రాణం, వద్దనలేం. గాయకుడు ఈలలు విని మూడో పాదం నుంచి మళ్లీ అందుకుంటాడు, సంగతి తెలియని కృష్ణుడు తర్వాతి ఘట్టంలోకి నడిచిపోతాడు. వన్స్‌మోర్ పడితే పద్యం మొదటి నుంచే అని ముందే అనుకోవాలి, హార్మోనిస్టు ఎర్ర తువ్వాలు పైకెత్తి చూపించాలి. రెండోసారి వన్స్‌మోర్ వద్దు.

కుర్చీలో ఉన్న నటుడి నోరు సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. మైకు స్టాండు అయిదడుగుల దగ్గర బిగిస్తే అతని గొంతు కంటే తబలా ఎక్కువ వినిపిస్తుంది. కుర్చీని రథంలా అలంకరించే సరదా ఒకటుంది. రంగు కాగితాల కింద బ్రేకు కప్పబడిపోతుంది, ఉత్తరీయం చువ్వల్లో చుట్టుకుంటుంది. చువ్వలకు అట్ట కట్టండి, బ్రేకును కప్పకుండా వదిలేయండి. (దుర్యోధనుడు చక్రాల కుర్చీలో ఉంటే కథలో దానికి కారణం చెప్పక్కర్లేదు.)

మరుగుదొడ్డి సంగతి ఎవరూ అడగరు. మెట్లు లేకుండా, మూడడుగుల వాకిలితో, కమోడ్ ఉన్నది దగ్గర్లో లేకపోతే కళాకారులు మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేస్తారు. రాత్రికి గొంతు ఎండి, పైస్థాయి అందుకోబోతే పగులుతుంది. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ భయం కూడా.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో వీళ్ల హక్కు గురించే. అయినా చాలా హాళ్లలో ర్యాంపు ప్రేక్షకుల ద్వారం దగ్గరే ఆగిపోతుంది. దివ్యాంగులు చూడ్డానికే వస్తారు, ఆడ్డానికి రారు అన్న లెక్క కాబోలు. వేదిక వెనక వాకిలికి కూడా ర్యాంపు కట్టమని మున్సిపాలిటీలను కోరుతున్నాం.

ముఖ్య అతిథి వచ్చారని నాటకం మధ్యలో తెర దించి శాలువాలు కప్పకండి. చూపులేని నటులు అడుగులు లెక్కపెట్టుకుని నిలబడి ఉంటారు. సన్మానానికి ముందుకు లాగితే ఆ లెక్క తప్పుతుంది, మళ్లీ వింగ్ నుంచి మొదలుపెట్టాలి. పారితోషికం మిగతా నాటక సమాజాలకు ఇచ్చినంత ఇవ్వండి. వెంట వచ్చే సహాయకుల బస్సు ఛార్జీలు, భోజనం అందులోంచి కోయకండి.

– పద్యనాటక కళాకారులు, నిర్వాహకులు, అమలాపురం