అమెజాన్ ఆదివాసుల గొంతు ఎవరి చేతిలో ఉండాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

అమెజాన్ అడవుల్లో అంతరించిపోతున్న ఆదివాసీ భాషల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పెద్దలు కన్నుమూసేలోగా వారి మాటలను, పాటలను, షామన్ల (అక్కడి పూజారి వైద్యుల) వైద్యాన్ని రికార్డు చేసి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచాలన్నది వ్యాసకర్త అభిప్రాయం. రికార్డు చేయవలసిందే, అదీ వెంటనే చేయవలసిందే. అయితే ఆ రికార్డు ఎక్కడ ఉండాలి, దాన్ని ఎవరు వినవచ్చు, ఎవరు వినకూడదు అన్నది తేల్చే అధికారం ఆ భాష మాట్లాడేవారిదే కావాలి. వ్యాసంలో ఈ సంగతి ఊసే లేకపోవడం వల్ల ఈ లేఖ రాస్తున్నాను.

తొందరపడడానికి కారణాలు లేకపోలేదు. బ్రెజిల్ 2010 జనగణనలో ఆదివాసులు తమ భాషలుగా చెప్పుకున్నవి 274. దగ్గరి మాండలికాలను కలిపి లెక్కించే భాషాశాస్త్రవేత్తలు ఆ సంఖ్యను సుమారు 150 నుంచి 180కి కుదిస్తారు. లెక్క ఏదైనా, వాటిలో చాలా భాషలు కొన్ని వందల మందికి, కొన్నయితే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది వృద్ధులకు మాత్రమే వచ్చు. 2020 ఆగస్టులో కోవిడ్‌తో మరణించిన, బ్రెజిల్‌లోని షింగూ నదీ ప్రాంత నాయకుడు అరితనా యవలపితి, తన జాతి భాషను ధారాళంగా మాట్లాడగలిగిన ఆ కొద్దిమందిలో ఒకరు.

అలాగని టేపులోకి ఎక్కించినంత మాత్రాన భాష దక్కిందని అనుకోవడానికీ లేదు. 2018 సెప్టెంబరు 2 రాత్రి రియో డి జనీరోలోని జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు అక్కడి ఆదివాసీ భాషల విభాగం బూడిదైపోయింది. మాట్లాడే మనిషే మిగలని భాషల పాటల టేపులు, జర్మనీలో పుట్టిన మానవశాస్త్రవేత్త కర్ట్ నిముయెందజు దశాబ్దాలపాటు ఆదివాసీ గ్రామాలు తిరిగి రాసుకున్న కాగితాల మూలప్రతులు ఆ మంటల్లో పోయాయి. ఇందుకు భిన్నంగా, జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ ఫౌండేషన్ నిధులతో 2000లో మొదలైన పథకం కింద షింగూ ప్రాంతపు కుయికురో, ట్రుమాయ్, అవెతీ భాషల్లో సేకరించిన రికార్డులు నెదర్లాండ్స్‌లోని నైమేగన్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ప్రతులు ఒకటికి రెండుచోట్ల ఉండాలనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. కాకపోతే భద్రత వేరు, యాజమాన్యం వేరు. కుయికురో పెద్దలు ఈ తేడా త్వరగానే గ్రహించినట్టున్నారు. సొంతంగా సంఘం పెట్టుకుని, తమ కుర్రవాళ్లకు కెమెరా పట్టడం నేర్పించి, క్రతువుల పాటలను రికార్డు చేసే పనిలో తామే ముందు నిలిచారు.

షామన్ల సంప్రదాయం దగ్గరకు వచ్చేసరికి ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. గత శతాబ్దంలో అమెజాన్ భాషలకు లిపి, నిఘంటువు, వ్యాకరణం సమకూర్చినవారిలో పెద్ద భాగం బైబిల్ అనువాదం కోసం వెళ్లిన మిషనరీలే. వారి శ్రమ చిన్నది కాదు, ఆ వ్యాకరణాలను నేటికీ పరిశోధకులు వాడుకుంటున్నారు. కానీ భాషను రాసుకున్న ఆ చేతులే రోగి పక్కన కూర్చుని పాటతో, పొగాకు పొగతో, మూలికలతో వైద్యం చేసే షామన్‌ను సైతాను కొలువులోని మనిషిగా చూపించాయి. ఫలితంగా చాలాచోట్ల ఇంట్లో మాట్లాడే భాష పుస్తకాలకెక్కింది. షామన్లు మాత్రమే ఎరిగిన మార్మిక పదజాలం, గంటల తరబడి సాగే వైద్య గానం శిష్యులు లేక ఆగిపోయాయి.

ఆ గానంతోపాటు పోయేది కవిత్వం ఒక్కటే కాదు. వాయవ్య అమెజాన్‌లో నమోదైన ఔషధ మొక్కల ఉపయోగాల్లో 91 శాతం ఏదో ఒక్క భాష మాట్లాడేవారికి మాత్రమే తెలుసునని 2021లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఇంత విలువైన సమాచారాన్ని తలుపులు బార్లా తెరిచి పెడితే ఏమవుతుందో చెప్పడానికి అయహువాస్కా ఉదంతం చాలు. షామన్లు తరతరాలుగా క్రతువుల్లో వాడుతున్న ఆ తీగలో ఒక రకంపై 1986లో ఒక అమెరికా పౌరుడు పేటెంటు పొందాడు. అమెజాన్ ఆదివాసీ సంఘాల సమాఖ్య ఫిర్యాదుతో 1999లో అది రద్దయింది. విచిత్రమేమిటంటే, రద్దుకు ఆధారంగా నిలిచింది వేలాది ఆదివాసుల వాడుక కాదు, ఆ మొక్క ముందే తెలిసినదని చూపిన, షికాగోలోని ఒక మ్యూజియంలో అట్టకు అంటించి దాచిన ఎండు కొమ్మ. 2001లో ఆ పేటెంటును తిరిగి పునరుద్ధరించారు, 2003లో గడువు తీరి దానంతట అదే ముగిసింది. కాగితం మీద లేని జ్ఞానాన్ని చట్టం గుర్తించదు, కాగితం మీదికి వచ్చిన జ్ఞానాన్ని దొంగ వదలడు. ఆదివాసీ ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నాడు.

డబ్బుతో సంబంధం లేని గోప్యత కూడా ఉంటుంది. కొలంబియా, బ్రెజిల్ సరిహద్దుల్లోని వౌపేస్ ప్రాంతంలో యురుపరి అనే క్రతువులో ఊదే పవిత్ర వాద్యాలను స్త్రీలు, దీక్ష తీసుకోని పిల్లలు చూడరాదన్న కట్టుబాటు ఉంది. 1883లో ఇపనోరే అనే ఊళ్లో ఫ్రాన్సిస్కన్ మతబోధకులు యురుపరి ముసుగును చర్చిలో స్త్రీల ఎదుట ప్రదర్శించడంతో ఊరంతా తిరగబడి వారిని వెళ్లగొట్టింది. అదే ప్రాంతంలోని పిరా పరనా నదీతీర షామన్ల సంప్రదాయాన్ని యునెస్కో 2011లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. గుర్తింపు మంచిదే. అయితే మానవాళి వారసత్వమన్నారు కదా అని ఆ వాద్యాల వీడియోను ఎవరైనా ఇంటర్నెట్‌లో పెడితే, ఆ మతబోధకులు చేసిన పనికీ దానికీ పెద్ద తేడా ఉండదు. స్త్రీలపై ఆ నిషేధం న్యాయమా అని నన్నడిగితే కాదనే అంటాను. కానీ దాన్ని మార్చుకోవలసింది అక్కడి స్త్రీపురుషులు, కెమెరా పట్టుకుని వెళ్లినవారు కాదు.

ఇవన్నీ ఆలోచించి పెరూకు చెందిన మత్సెస్ జాతి తొక్కిన దారి నాకు అన్నిటికన్నా నచ్చింది. 1969లో మిషనరీల ద్వారా బయటి ప్రపంచంతో శాంతియుత సంబంధం ఏర్పడిన జాతి అది. వారిలో మిగిలిన వృద్ధ షామన్లు ఐదుగురు ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో తమ వైద్య విజ్ఞానాన్నంతా చెప్పగా, సొంత మనుషులే రాసుకుని 2015 నాటికి సుమారు 500 పేజీల గ్రంథం సిద్ధం చేశారు. అది మత్సెస్ భాషలో తప్ప మరే భాషలోనూ లేదు. స్పానిష్‌లోకి గానీ ఇంగ్లీషులోకి గానీ అనువదించకూడదని నిర్ణయించుకున్నారు; మొక్కల శాస్త్రీయ నామాలు, బయటివారు ఆనవాలు పట్టగలిగే పూల ఫొటోలు కూడా ఇవ్వలేదు. పైగా పుస్తకంతో సరిపెట్టుకోకుండా యువకులను వృద్ధుల వెంట అడవిలోకి శిష్యరికానికి పంపుతున్నారు.

ఇలా దాచుకుంటే ప్రపంచ వైద్యానికి నష్టం కదా అని అడిగేవారుంటారు. పసుపు మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చినప్పుడు, మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో రద్దు చేయించేదాకా మనమెంత రగిలిపోయామో వారు గుర్తుచేసుకోవాలి. మనకు చూపించడానికి గ్రంథాలున్నాయి, వాదించడానికి ప్రభుత్వం ఉంది. 2001లో మొదలైన మన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం కూడా ప్రధానంగా ఆయుర్వేదం, యునానీ, సిద్ధ వంటి లిఖిత వైద్యాలనే నమోదు చేసింది. నోటిమాటగా మాత్రమే నడిచే ఆదివాసీ వైద్యానికి ఆ రక్షణ ఇక్కడా దాదాపు లేదు.

గిడుగు రామమూర్తి సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన ప్రాంతానికి దగ్గరలోనే, విజయనగరం జిల్లాలో, ఇప్పుడు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ములుగులో మరొకటి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఆదివాసీ భాషల దశాబ్దం 2032 వరకు నడుస్తుంది కనుక సవర, కువి, కొలామి వంటి భాషల్లో సేకరణలు పెరుగుతాయనే ఆశిస్తున్నాను. మన గిరిజన గ్రామాల్లో పూజారి వైద్యులైన దిసారులు, ఎజ్జోళ్లు చెప్పే మందుల వివరాలు ఎవరి అనుమతితో నమోదవుతాయి, రికార్డు ప్రతి ఆ ఊరికి అందుతుందా, వద్దన్న భాగాన్ని తీసేయించే హక్కు ఊరివారికి ఉంటుందా అన్న విషయాలపై ఈ రెండు విశ్వవిద్యాలయాలను మీ విలేకరులు అడిగి, వారిచ్చే సమాధానాలను ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయనగరం