సమ్మక్కకు ఆ కిరీటం ఎవరు పెట్టిన్రు?

ఎడిటర్ గారికి నమస్తే,

మేడారం సమ్మక్క జాతర దగ్గర పడ్డదంటే మా హన్మకొండల ఫ్లెక్సీలు మొదలైతయి, మీకు తెల్వనిది కాదు. మా గల్లీ మూల మీద కట్టినదాంట్ల సమ్మక్క తల్లి పులి మీద కూసుంది, నెత్తిన బంగారు కిరీటం, ఒంటికి కవచం, చేతిల పెద్ద కత్తి, ఆ పక్కన లీడర్ ఫోటో అమ్మవారి కంటే జర పెద్దగనే ఉన్నది. మా మనవరాలు అది చూసి "తాతా, ఈమె రుద్రమదేవా?" అన్నది.

నవ్వొచ్చింది గని పిల్ల తప్పేమీ లేదు. రుద్రమదేవి మీద 2015ల పెద్ద సినిమా వచ్చింది, రీల్స్ నిండ అవే కవచాలు అవే కత్తులు, ఇప్పుడు సమ్మక్కకు కూడ అదే డ్రెస్సు ఏసేసిన్రు. మరి కథల ఈమె కొట్లాడింది ఎవరితోటి? కరువొచ్చి ఈమె పెనిమిటి పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోతే మీదికొచ్చిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుని సైన్యంతోటి, అంటే ఆ రుద్రమ మనవడే! ఏడాదంత కాకతీయ తోరణం చూసి మురిసేది మనమే, మాఘమాసంల అదే రాజు మీద కొట్లాడిన తల్లికి బంగారమని బెల్లం మోసుకపోయేది కూడ మనమే. దీంట్ల నాకు ఇబ్బందేం లేదు, ఓరుగల్లోళ్ళకు రెండూ కావాలె.

ఇబ్బంది ఆ బొమ్మతోటే. మేడారంల విగ్రహం ఏడుంది సార్? చిలకలగుట్ట ఎక్కిన తల్లి మళ్ళ మనిషిగ కనబడలే, కుంకుమ భరిణె దొరికిందనే కదా కథ. గురువారం పొద్దుమీకి పూజారులు ఆ భరిణెను గుట్ట మీదికెళ్ళి తెస్తుంటే పోలీసులు గాల్లకు తుపాకులు పేలుస్తరు, జనం ఊగిపోతరు, గద్దె మీద చూస్తే వెదురు కర్రలు, పసుపు కుంకుమ, కుప్పలు కుప్పలు బెల్లం, అంతే. జంపన్న వాగుల మునిగి తడి బట్టలతోటే లైన్ల నిలబడి, చేతులకు బెల్లం జిగట పట్టి, ముంగటోళ్ళ వీపు తప్ప ఏం కనబడకున్నా దండం పెట్టి వచ్చినోళ్ళం మేము, మొఖం లేని తల్లిని మొక్కుడు మాకు అలవాటే.

పోయినసారి మీ స్పెషల్ పేజీల కూడ ఆ కిరీటం బొమ్మే ఏసిన్రు, గందుకే రాస్తున్న. కోయోళ్ళు ఈ కథను తరాల సంది పాడుకుంట కాపాడిన్రు, మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్య గారు తెలుగుల, కోయల రెండిట్ల పాడేటోరు, 2022ల పద్మశ్రీ కూడ వచ్చింది. అసొంటోళ్ళు పాడిన కథ ఒక్క పేజీ ఎయ్యరాదుండ్రి, పక్కన గద్దె ఫోటో పెట్టుండ్రి. కిరీటం బొమ్మలకు ఫ్లెక్సీ షాపులు ఎట్లాగూ ఉన్నయి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, హన్మకొండ