సిట్రిన్‌ని సిట్రిన్ అనే అమ్మమనండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో రంగురాళ్ళ మీద వేసిన పేజీ చదివాను, బాగానే ఉంది గానీ సిట్రిన్ ఫొటో కింద "పుష్యరాగంలో చవక రకం" అని వేశారు చూడండి, అది మాత్రం తప్పండి. అట్టా వేస్తే రేపు రాళ్ళ అంగళ్ళ వాళ్ళు మీ పేపర్ కటింగే చూపించి అమ్ముతారు.

సిట్రిన్ అంటే క్వార్ట్జ్, మన సైదాపురం, గూడూరు వైపు అభ్రకం గనుల దగ్గర గుట్టలుగా పోసి ఉంటుందే ఆ పలుగురాయి జాతే. రంగు లేకుండా తేటగా ఉంటే స్ఫటికం, ఊదారంగు అయితే అమెథిస్ట్, పొగరంగు అయితే స్మోకీ క్వార్ట్జ్, పసుపుకి తిరిగితే సిట్రిన్, అన్నీ సిలికా అనే పదార్థమే. (అట్టని ఎవరూ గడ్డపార తీసుకోని సైదాపురం బయల్దేరబాకండి, పలుగురాయి అంతా నగలకి పనికొచ్చే రాయి కాదు.) కనకపుష్యరాగం కురువిందం జాతి, కెంపుకీ నీలానికీ తోబుట్టువు, అల్యూమినియం ఆక్సైడ్. టోపాజ్ (దీన్నీ పుష్యరాగమనే అంటుంటారు) ఈ రెండూ కాదు, ఫ్లోరిన్ ఉండే ఇంకో ఖనిజం. గట్టితనంలో పదికి సిట్రిన్ 7, టోపాజ్ 8, కనకపుష్యరాగం 9. మూడూ పసుపుగా ఉంటాయి కాబట్టి ఒకే ఇంటివి అయిపోవు కదండీ.

ఈ కలగాపులగం మన ఊళ్ళోనే పుట్టలేదులెండి, 1952లో అమెరికా నగల వ్యాపారులు నవంబర్ నెల రాయిగా టోపాజ్ పక్కన సిట్రిన్‌ని కూడా చేర్చారు, గోల్డెన్ టోపాజ్, మదీరా టోపాజ్ అనే పేర్లతో సిట్రిన్‌ని అమ్మడం కూడా పాత అలవాటే. ఇక్కడేమో సునేలా అంటారు, గిరాకీని బట్టి అదే రాయి పుష్యరాగం అయిపోద్ది. మా చిన్నాన్న కొడుక్కి గురుబలం కోసమని ఒక షాపులో ఉంగరం కట్టించారు, నోటితో చెప్పింది కనకపుష్యరాగం, బిల్లు మీద రాసింది "ఎల్లో స్టోన్". ఆ రెండు ముక్కల్లోనే ఉందండీ వ్యాపారమంతా.

మీరు రాయాల్సిన అసలు విషయం ఇంకోటి ఉంది. బజార్లో దొరికే సిట్రిన్‌లో ఎక్కువ భాగం భూమిలోంచి పసుపుగా వచ్చింది కాదు, బ్రెజిల్ లాంటి చోట్ల అమెథిస్ట్‌ని సుమారు 450 డిగ్రీల పైన కాలిస్తే దాంట్లో ఉండే ఇనుము వల్ల ఊదా పోయి పసుపో నారింజో వస్తది. అడుగున తెల్లగా, కొసలు మాత్రం ముదురు నారింజగా ఉండే గుత్తులు ఇంట్లో పెట్టుకుంటే డబ్బొస్తదని ఆన్‌లైన్లో తెగ అమ్ముతున్నారే, అవి చాలావరకు ఇట్టా కాల్చినవే. సహజంగా దొరికేది అరుదు, ఎక్కువగా లేత పసుపు, కాస్త పొగ కలిసినట్టు ఉంటది. కాల్చడం మోసమేం కాదు, ఆ రంగు నిలుస్తది కూడా, చెప్పకుండా అమ్మడమే మోసం.

పోనీ సిట్రిన్ తీసిపారేసే రాయా అంటే అదీ కాదు. టోపాజ్ గట్టిదే గానీ ఒక వాటంలో దెబ్బ తగిల్తే పలక్కి పలక చీలిపోద్ది, క్వార్ట్జ్‌కి ఆ బాధ లేదు. పెద్ద రాయి కూడా అందుబాటు ధరకే వస్తది. కాకపోతే సిట్రిన్ సాంద్రత 2.65, కనకపుష్యరాగం దగ్గర దగ్గర 4, అంటే అదే సైజు కనకపుష్యరాగం దీనికి ఒకటిన్నర రెట్లు బరువు తూగాల. కంసాలి దగ్గర బిగించక ముందే రాయిని గాల్లో ఒకసారి, నీళ్ళలో ఒకసారి తూకం వేయించి సాంద్రత లెక్క కడితే సగం గుట్టు అక్కడే బయటపడద్ది, మిగతాది ల్యాబ్ సర్టిఫికెట్ చెప్పుద్ది, దాంట్లో క్వార్ట్జ్ అని ఉంటే అది ఏ పుష్యరాగమూ కాదు.

కాబట్టి వచ్చే ఆదివారం ఆ ఫొటో కింద మాట సరిచేసి వెయ్యండి, చిన్న అక్షరాల్లో మూలన కాకుండా. వీలైతే రాళ్ళు కొనేటప్పుడు బిల్లు మీద రాయి పేరు, కాల్చిందా లేదా అన్నది రాయించుకోమని కూడా ఒక లైను కలపండి.

ఇట్లు,
మీ పాఠకుడు, నెల్లూరు