1964 నిబంధనలు, నేటి వాట్సాప్ గ్రూపులు

సంపాదకులకు నమస్కారం.

బడికి బల్లలు రాలేదనో, బకాయిలు అందలేదనో ఫేస్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసిన ఉపాధ్యాయుడికి సంజాయిషీ నోటీసు వచ్చిందని విన్నప్పుడల్లా, అదే వృత్తిలో ఉండి విరమణ పొందిన నాకు ఆ నోటీసులోని భాష చదవకుండానే తెలిసిపోతుంది. దానికి ఆధారమైన ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. పత్రికా వ్యాసం, రేడియో ప్రసంగం తప్ప మరో వేదిక లేని రోజుల్లో పుట్టిన ఆ కట్టుబాట్లే నేడు వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి పెట్టిన మాటకూ వర్తిస్తున్నాయి.

ప్రభుత్వ ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు కామేశ్వర్ ప్రసాద్ కేసులో 1962లోనే చెప్పింది. రాజకీయ సభకు హాజరై ఫేస్‌బుక్‌లో వ్యాఖ్య రాశారన్న అభియోగంపై సస్పెండైన ఒక ఉద్యోగిని కేసులో త్రిపుర హైకోర్టు కూడా, నియమావళి పరిమితులకు లోబడి ఆమెకు భావప్రకటనా స్వేచ్ఛ ఉందని 2020లో తీర్పిచ్చింది. కానీ తీర్పు వచ్చేదాకా, సస్పెన్షన్‌లో జీతానికి బదులు ఇచ్చే జీవనభృతితో ఇల్లు గడవాలి కదా! ప్రైవేటు ఉద్యోగి పరిస్థితి ఇంకా ఇరుకు. సంస్థ విషయాలు బయటపెట్టకూడదంటూ నియామక పత్రంలో ఉన్న, చదవకుండా సంతకం పెట్టిన గోప్యతా షరతు నోటీసు అందాకే గుర్తుకొస్తుంది.

ఏది సమస్య నివేదన, ఏది నిబంధన ఉల్లంఘన అన్నది ఉదాహరణలతో సహా తెలుగులో ముద్రించి, నియామక ఉత్తర్వుతో పాటే ప్రతి ఉద్యోగికీ అందజేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి